అప్‌డేట్: డైరెక్ట్‌ఎక్స్ 12కి మార్చినా బొమ్మ వెలిసిపోయినట్టే ఉందన్న సమస్య తీరింది

సాయం చేసిన అందరికీ చాలా థాంక్స్. విచర్ 3 గేమ్‌లో డైరెక్ట్‌ఎక్స్ (ఆటల బొమ్మలు గీయడానికి వాడే విండోస్ సాఫ్ట్‌వేర్) 11 నుంచి 12కి మారినా రాత్రి సీన్లలో నలుపు బూడిద రంగులో కనిపిస్తోందని మొన్న అడిగాను కదా, అసలు తప్పు ఆటలో లేదు. స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌లో చూడమన్న సలహాతోనే దొరికింది: ఫోన్‌లో అదే బొమ్మలో నలుపు చక్కగా ఉంది! అంటే తేడా మానిటర్‌కి వెళ్ళే దారిలోనే. హెచ్‌డీఎంఐ (మానిటర్ కేబుల్) అవుట్‌పుట్ రేంజ్ 'లిమిటెడ్'లో ఉంది, అంటే వెలుగు స్థాయిలను 0 (పూర్తి నలుపు) నుంచి 255 (పూర్తి తెలుపు) దాకా కాకుండా 16 నుంచి 235 దాకానే పంపుతోంది, అందుకే నలుపు బూడిదగా కనిపించింది. 'ఫుల్' పెట్టగానే సరిపోయింది.

డ్రైవర్ తీసి మళ్ళీ వేయడం, కేబుల్ మార్చడం, విండోస్ అప్‌డేట్, ఇవేవీ పనిచేయలేదు.

ఇక 12 వల్ల బొమ్మ మెరుగవుతుందా అంటే, దానంతట అదే కాదు. ఆటలోని వైట్ ఆర్చర్డ్ సత్రంలో ఒకే చోట నిలబడి, రే ట్రేసింగ్ (వెలుగు కిరణాల దారిని లెక్కగట్టి బొమ్మ గీసే పద్ధతి) ఆపేసి 11, 12 రెండింటిలోనూ చూశాను, నాకైతే తేడా కనిపించలేదు. కానీ 2022 డిసెంబర్ అప్‌డేట్‌తో వచ్చిన రే ట్రేసింగ్ 12లోనే ఉంటుంది, అది ఆన్ చేస్తే కిటికీలోంచి పడ్డ ఎండ గోడల మీదికి, బల్లల కిందికి కూడా మెత్తగా పాకుతుంది, చాలా బాగుంది. నా ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డులో ఫ్రేమ్‌రేట్ (సెకనుకు వచ్చే బొమ్మల సంఖ్య) మాత్రం దాదాపు సగానికి పడిపోయింది, అందుకే డీఎల్ఎస్ఎస్ (తక్కువ రిజల్యూషన్‌లో గీసి ఏఐతో పెద్దది చేసి ఫ్రేమ్‌రేట్ పెంచేది) కూడా పెట్టుకుని ఆడుతున్నాను.