ఫైలులో ‘పదో స్థానం’ అంటే ఏ బైట్?

ప్రశ్న: సిస్టమ్ కాల్స్ (ప్రోగ్రాములు కెర్నల్‌ను, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగాన్ని, పని అడిగే పిలుపులు) మీద తెలుగులో పాఠం రాస్తున్నాను. ఫైలులో చదివే, రాసే చోటును మార్చే ఎల్‌సీక్ (lseek) కాల్ గురించి ‘ఎల్‌సీక్ కావలసిన స్థానాన్ని వెతుకుతుంది’ అని రాశాను. ఆఫ్‌సెట్‌కు, అంటే ఆ చోటును బైట్లలో చెప్పే అంకెకు, ‘స్థానం’ అన్నాను. సరిపోతాయా?

జవాబు: ‘వెతకడం’ కుదరదండీ. ఎక్కడుందో తెలియనిదాన్నే వెతుకుతాం. ఎల్‌సీక్‌కు ఎక్కడికి వెళ్లాలో మనమే చెబుతాం. తెరిచిన ఫైలులో తర్వాతి చదవడం, రాయడం ఎక్కడ మొదలవాలో కెర్నల్ ఒక గుర్తు పెట్టుకుంటుంది. ఎల్‌సీక్ ఆ గుర్తును మార్చి, కొత్త విలువను మనకు ఇస్తుంది. డేటా చదవదు, రాయదు. ‘జరుపుతుంది’ అనండి. (ముందున్న ‘ఎల్’ లాంగ్‌కు గుర్తు. పాత యూనిక్స్‌లోని ‘సీక్’ 16 బిట్ల అంకెతో నెట్టుకొచ్చేది.)

‘స్థానం’తో చిక్కు వేరు. మన లెక్క ఒకటితో మొదలవుతుంది. ‘పదో స్థానం’ అనగానే ముందు తొమ్మిది బైట్లున్నాయనుకుంటారు. ఆఫ్‌సెట్ 10 ఇస్తే చేతికొచ్చేది పదకొండో బైట్! అందుకే నా ఓటు ‘దూరం’కే. మొదటి బైట్ దూరం 0 అంటే ఇక వివరణ అక్కర్లేదు. దూరాన్ని ఎక్కడి నుంచి కొలవాలో కూడా ఎల్‌సీక్‌కు చెబుతాం: సీక్_సెట్ అంటే మొదటి నుంచి దూరం, సీక్_కర్ అంటే ఇప్పుడున్న చోటి నుంచి, సీక్_ఎండ్ అంటే చివరి నుంచి. చివర దాటి జరిపి రాసినా తప్పు కాదు. మధ్యలో మిగిలిన ఖాళీని చదివితే సున్నాలు వస్తాయి. లేని స్థానానికి వెళ్లడమంటే ఎబ్బెట్టుగా ఉంటుంది కానీ, దూరం ఎంతైనా ఉండవచ్చు.

మరొకరు: మరో రెండు కాల్స్ అయిన పీరీడ్, పీరైట్‌లకు ‘ఫలానా దూరం నుంచి చదవడం, రాయడం’ అంటే చాలదా?

జవాబు: చాలదు, అసలు గుణం దాగిపోతుంది. రీడ్ చదివినంత మేర గుర్తును ముందుకు జరుపుతుంది. పీరీడ్‌కు దూరాన్ని విడిగా ఇస్తాం, అది గుర్తును ముట్టుకోదు. ‘గుర్తు కదపకుండా చదవడం’ అనండి. ఒకే డిస్క్రిప్టర్‌ను (తెరిచిన ఫైలుకు కెర్నల్ ఇచ్చే సంఖ్యను) రెండు థ్రెడ్లు (ఒకే ప్రోగ్రాములో సమాంతరంగా నడిచే పనులు) వాడుతుంటే, ఒకటి ఎల్‌సీక్ చేసి రీడ్ చేసేలోపు రెండోది గుర్తును మరోచోటికి జరపవచ్చు. ఇక మొదటిదానికి అందేది వేరే డేటా. ఫోర్క్ (ప్రాసెస్ తన నకలును పుట్టించే కాల్) తర్వాత తల్లి, పిల్ల ప్రాసెస్‌లకు కూడా ఈ గుర్తు ఉమ్మడి ఆస్తే. పీరీడ్‌తో ఆ తగాదా ఉండదు.

ఇంకొకరు: పీరైట్‌కు ఒక మెలిక ఉంది. ఓ_అపెండ్‌తో (రాసేదంతా చివరనే చేర్చాలనే ఎంపికతో) తెరిచిన ఫైలులో లినక్స్ మీరిచ్చిన దూరాన్ని పట్టించుకోదు, చివరనే చేరుస్తుంది. పోసిక్స్ (యూనిక్స్ తరహా సిస్టమ్‌లకు ప్రమాణం) ప్రకారం అలా జరగకూడదు. లినక్స్ మాన్యువల్‌లోనే దీన్ని లోపంగా రాశారు. పాఠంలో ఈ మినహాయింపు చేర్చండి.

అడిగినవారు: తప్పకుండా. చివరిగా ఒకటి. పైపు (ఒక ప్రాసెస్ నుంచి మరోదానికి డేటా పంపే మార్గం) మీద ఎల్‌సీక్ చేస్తే ‘ఇల్లీగల్ సీక్’ అని వస్తుంది కదా, దానికి ‘అక్రమ అన్వేషణ’ అని రాసుకున్నాను. పోలీసు కేసులా ఉంది.

జవాబు: ‘జరపడం కుదరదు’ అంటే చాలు. పైపులో జరపడానికి గుర్తే ఉండదు, వచ్చింది వచ్చినట్టు చదువుకోవడమే.