శాన్ డియేగోలో అమ్మానాన్నల్ని ఎలా తిప్పాలి? జూన్‌లో మబ్బు తప్ప ఏం కనపడదంటున్నారు

ఎల్ఏ_చిన్నోడు:
హాయ్ అందరికీ. అమ్మానాన్న ఇండియా నుంచి వచ్చి ఉన్నారు, జూన్ రెండో వారంలో లాంగ్ వీకెండ్ చూసుకుని లాస్ ఏంజిలెస్ నుంచి శాన్ డియేగో తీసుకెళ్దామనుకుంటున్నా. నాన్నకి ఓడలన్నా విమానాలన్నా ప్రాణం, అమ్మకి మోకాళ్ల నొప్పులు కాబట్టి ఎక్కి దిగడాలు పెద్దగా కుదరవు, మా బుడ్డోడికి ఏదో ఒక జంతువు కనిపిస్తే చాలు. ఏడాది పొడుగునా ఎండ ఉండే ఊరని అందరూ అంటారు గానీ ఆఫీసులో ఒకాయన మాత్రం జూన్‌లో పొద్దున్నే బీచ్‌కి వెళ్తే మబ్బు తప్ప ఏమీ ఉండదన్నాడు, అది విన్నప్పట్నుంచి డేట్లు మార్చుకోవాలా అని డౌట్ పట్టుకుంది. వీళ్లు మళ్లీ ఎప్పుడొస్తారో తెలీదు, అందుకే ఏది వదలకూడదో ఏది వదిలేసినా పర్లేదో తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

పడమటి_గాలి:
మీ ఆఫీసాయన చెప్పింది నిజమేనండి, ఇక్కడ దాన్ని జూన్ గ్లూమ్ అంటారు, అదే మేలో అయితే మే గ్రే. ఈ తీరంలో సముద్రం నీళ్లు చల్లగా ఉంటాయి, వాటిని ఆనుకున్న గాలి చల్లబడి మబ్బుగా మారుతుంది, దాని పైన వేడి గాలి మూత పెట్టినట్టు కూర్చుంటుంది కాబట్టి ఆ మబ్బు పైకి పోలేక ఒడ్డు మీదే ఉండిపోతుంది. మధ్యాహ్నానికి ఎండ ముదిరాక విడిపోతుంది, ఒక్కోరోజు ఒడ్డున అసలు విడవదు కూడా. కానీ సముద్రానికి కాస్త దూరంగా లోపలికి వస్తే ముందే ఎండ వచ్చేస్తుంది. అందుకని డేట్లు మార్చొద్దు, రోజుని తిరగేయండి చాలు, పొద్దున ఊరి లోపల, మధ్యాహ్నం దాటాక సముద్రం. మన వైపు సముద్రంలో సూర్యోదయం చూడటం అలవాటు కదా, ఇది పడమటి తీరం, సూర్యుడు నీళ్లలోకి దిగడం చూడాలంటే సాయంత్రమే ఉండాలి.

మబ్బు విడిచిన మధ్యాహ్నం ఏదైనా దొరికితే దాన్ని పాయింట్ లోమా కోసం దాచిపెట్టండి, సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండ అది. కాబ్రిల్లో నేషనల్ మాన్యుమెంట్ అని అక్కడే, 1542లో స్పెయిన్ తరఫున కాబ్రిల్లో అనే ఆయన ఓడల్లో వచ్చి ఈ బేలో దిగాడు. కొండ మీద పాత లైట్‌హౌస్ ఉంటుంది, 1855లో వెలిగించారు, సముద్రానికి 422 అడుగుల ఎత్తులో. అంత ఎత్తులో పెట్టడమే దానికి చేటు తెచ్చింది, సరిగ్గా మీరు భయపడుతున్న ఈ మబ్బే అడ్డం పడి కింద ఓడలవాళ్లకి దీపం కనపడేది కాదు, చివరికి 1891లో దాన్ని ఆర్పేసి కింద నీళ్ల దగ్గర ఇంకోటి కట్టారు. అక్కడ నిలబడితే ఒకవైపు పసిఫిక్, ఇంకోవైపు బే, ఎదురుగా నార్త్ ఐలాండ్ నేవీ బేస్ మీద దిగే విమానాలు, కింద లోపలికొస్తున్న ఓడలు, మీ నాన్నగారు అక్కణ్ణుంచి కదలరు చూడండి. సాయంత్రం ఐదింటికి మూసేస్తారు, అక్కణ్ణుంచి సన్‌సెట్ క్లిఫ్స్ దగ్గరే, సూర్యాస్తమయం అక్కడ చూసుకోవచ్చు, కానీ ఆ కొండ అంచులు కోసుకుపోయి వదులుగా ఉంటాయి, బుడ్డోడి చెయ్యి వదలొద్దు.

డెక్_మీద_మావయ్య:
ఓడలంటే ప్రాణం అన్నాక మిడ్‌వే అనే విమాన వాహక యుద్ధనౌక పేరు ఇంకా ఎవరూ ఎత్తకపోవడం ఏంటి! మబ్బు పొద్దునకి సరిగ్గా సరిపోయేది అదే. యూఎస్ఎస్ మిడ్‌వే 1945లో నేవీలో చేరింది, 1992 దాకా పనిచేసింది, 2004 నుంచి డౌన్‌టౌన్ ఒడ్డునే మ్యూజియంగా ఉంది. అక్కడ వాలంటీర్లలో చాలామంది నేవీలో చేసి రిటైరైన పెద్దవాళ్లే, ఫ్లైట్ డెక్ మీద కూర్చోబెట్టి విమానం ఎలా దిగుతుందో చెప్తారు, తోక కింద కొక్కెం డెక్ మీద అడ్డంగా లాగిన ఇనప తాడుని పట్టుకోవాలి, పట్టుకోకపోతే మళ్లీ లేవాలి కాబట్టి పైలట్ దిగగానే స్పీడ్ తగ్గించకుండా ఇంజిన్ ఫుల్‌గా పెంచుతాడు. ఇది ఆ తాడు పక్కన నిలబడి వింటే వేరే లెవెల్. నాన్నగారికి ఇంగ్లీష్ ఇబ్బందైతే మీరు పక్కనే ఉండి చెప్పండి, తొందరపెట్టకండి, పూట మొత్తం దీనికే ఇచ్చేయండి.

అమ్మగారికి లోపల విమానాలు నిలిపే హ్యాంగర్ డెక్ నుంచి ఫ్లైట్ డెక్‌కి లిఫ్ట్ ఉంది. కింద ఇంజిన్ రూమ్ వైపు, పైన ఐలాండ్ (డెక్ మీద టవర్‌లా లేచి ఉండే భాగం) టూర్‌కి మాత్రం మెట్లు నిచ్చెనలంత నిటారుగా ఉంటాయి, అవి నాన్నగారికి వదిలేయండి.

ఉప్పునీటి_పిల్ల:
మబ్బు మబ్బు అని మరీ భయపెట్టేస్తున్నారు, నాకైతే లా హోయా, అంటే ఊరికి ఉత్తరాన ఉన్న ఆ సముద్రపు ఒడ్డు, పొద్దున మబ్బులోనే ఇష్టం. ఎండ రాకముందు పార్కింగ్ దొరుకుతుంది, పెద్దవాళ్లు నీరసపడరు, సీ లయన్లు, సీల్స్ ఎలాగూ ఉంటాయి. వాసన మాత్రం గట్టిగా కొడుతుంది, అమ్మకి ముందే చెప్పి తీసుకెళ్లండి. బుడ్డోడికి ఒక పని అప్పజెప్పండి, ఏది సీ లయనో ఏది సీలో వాణ్ణే కనిపెట్టమనండి. చెవి దగ్గర చిన్న రెక్కలాంటిది బయటకి వేలాడుతుంటే, ముందు కాళ్ల మీద లేచి నడుస్తూ కుక్కలా అరుస్తుంటే అది సీ లయన్. చెవి బయటకి కనపడకుండా, ఒంటి మీద మచ్చలతో, పొట్ట మీద పాకుతుంటే అది సీల్. సీ లయన్లు లా హోయా కోవ్ అనే చిన్న బీచ్ దగ్గర రాళ్ల మీద ఉంటాయి. సీల్స్ కావాలంటే కొంచెం దక్షిణంగా చిల్డ్రన్స్ పూల్ అని ఉంది, అక్కడ గోడని 1931లో ఎలెన్ బ్రౌనింగ్ స్క్రిప్స్ అనే దాత పిల్లలు అలల భయం లేకుండా ఈదుకోవాలని కట్టించింది, తర్వాత సీల్స్ వచ్చి కాపురం పెట్టేశాయి. అవి పిల్లల్ని కనే టైమ్‌లో, డిసెంబర్ 15 నుంచి మే 15 దాకా, బీచ్ మూసేస్తారు, జూన్‌లో ఆ ఇబ్బంది లేదు. అయినా పైనుంచే చూడండి, దగ్గరికెళ్లి సెల్ఫీలు తీసుకుంటుంటే అవి బెదిరి నీళ్లలోకి పోతాయి, చూస్తే బాధేస్తుంది, అవి అక్కడికి వచ్చేది రెస్ట్ తీసుకోవడానికే.

నీళ్లలో దిగాలంటే లా హోయా షోర్స్, అలలు కాస్త నెమ్మది. అక్కడ ఇసుకలో స్టింగ్‌రేలు (తోకలో ముల్లుండే చదునైన చేపలు) దాక్కుంటాయి, పాదం ఎత్తి ఎత్తి వేయకుండా ఇసుకలో ఈడ్చుకుంటూ నడవాలి, ఆ కదలికకి అవే తప్పుకుంటాయి. ఒకవేళ గుచ్చితే వెంటనే లైఫ్‌గార్డ్ దగ్గరికి వెళ్లండి, వేడినీళ్లలో కాలు పెట్టిస్తారు, నొప్పి దానికే తగ్గుతుంది. నీళ్లు జూన్‌లో కూడా చల్లగానే ఉంటాయి, ఆగస్టు సెప్టెంబర్‌లోనే కొంచెం నయం.

ఎల్ఏ_చిన్నోడు:
అందరికీ చాలా థాంక్స్, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. జూ మరి? అమ్మ అంత నడవగలదా? ఇంకోటి, కారా ట్రైనా?

రైలు_పక్షి:
జూ బాల్బోవా పార్క్‌లోనే ఉంది, మొత్తం ఎత్తుపల్లాలే, అయితే గైడెడ్ బస్సు ఉంది, పైన తాళ్ల మీద వెళ్లే స్కైఫారీ ఉంది, ఆ రెండూ పెట్టుకుంటే అమ్మగారు లాగించేస్తారు. అది 1915లో ఈ పార్క్‌లో జరిగిన ఎగ్జిబిషన్‌కి తెచ్చిన జంతువులతో మొదలైన జూ. ఆదివారం అయితే మధ్యాహ్నం రెండింటికి స్ప్రెకెల్స్ ఆర్గాన్ పెవిలియన్‌లో ఫ్రీ కచేరీ, ఐదు వేలకి పైగా గొట్టాలున్న ఆర్గాన్, ఆరుబయట బెంచీల మీద కూర్చుని వినొచ్చు, అమ్మగారికి మోకాళ్లకి రెస్ట్ కూడా.

బేకి అవతల ఉన్న కొరొనాడోకి కారులో కాకుండా డౌన్‌టౌన్ నుంచి ఫెర్రీలో వెళ్లండి, పావుగంట ప్రయాణం, నాన్నగారికి మిడ్‌వే నీళ్ల మీంచి కనపడుతుంది. అటు దిగాక బస్సో క్యాబో పట్టుకుని 1888 నాటి చెక్క హోటల్ డెల్ కొరొనాడో ముందున్న బీచ్‌కి పోండి, అక్కడ తడి ఇసుక కాస్త చేతిలోకి తీసుకుని ఎండలో తిప్పితే బంగారం రజను కలిపినట్టు తళతళలాడుతుంది, అది మైకా, అంటే అభ్రకం, బుడ్డోడు జేబులు నింపేస్తాడు.

ట్రైన్ అంటే పసిఫిక్ సర్ఫ్‌లైనర్, దాదాపు మూడు గంటలు, వెళ్లేటప్పుడు కుడివైపు కూర్చోండి, సముద్రం అటే. శాన్ క్లెమెంటే దగ్గర కొండచరియలు పడి అప్పుడప్పుడు లైన్ ఆపేస్తారు కాబట్టి బుక్ చేసేముందు చూసుకోండి. మీకు పాయింట్ లోమా, లా హోయా రెండూ ఉన్నాయి, పెద్దవాళ్లు పిల్లాడు ఉన్నారు, నేనైతే కారే అంటాను. అయితే ఒక్క విషయం చాలా జాగ్రత్త. ఐ-5 మీద దక్షిణంగా పోతూ ఎగ్జిట్ మిస్సయితే నేరుగా మెక్సికో బోర్డర్‌కే తీసుకెళ్తుంది, ముందు ‘లాస్ట్ యూఎస్ఏ ఎగ్జిట్’ అని బోర్డు వస్తుంది, అక్కడ దిగిపోవాల్సిందే, అమ్మానాన్నల వీసాలతో అటు దాటితే తిరిగి రావడం పెద్ద తలనొప్పి. తిరిగొచ్చేటప్పుడు కూడా ఐ-5 మీద శాన్ క్లెమెంటే దగ్గర బోర్డర్ పెట్రోల్ చెక్‌పాయింట్ ఉంటుంది, ఒక్కోసారి ఆపి అడుగుతారు, అందరి పాస్‌పోర్టులు డిక్కీలో సూట్‌కేసు అడుగున కాకుండా ముందు సీటు దగ్గరే పెట్టుకోండి.