అటక మీద దొరికిన సౌండ్ బ్లాస్టర్ ఏ మోడల్?

గాజువాకలో మావయ్యగారి ఇంట్లో అటక దులుపుతుంటే సౌండ్ బ్లాస్టర్ అనే పాత కంప్యూటర్ సౌండ్ కార్డు దొరికింది. ఉప్పుగాలికి బ్రాకెట్ తుప్పు పట్టిపోయింది. సంగీతం పుట్టించే యమహా వైఎం3812 చిప్ ఒకటుంది, రెండు సాకెట్లు ఖాళీ. ఇది 1989 నాటి మొదటి మోడలేనా గురూ?

జవాబు: అంత అదృష్టమా! మొదటి దాంట్లో ఆ చోట ఫిలిప్స్ ఎస్ఏఏ1099 చిప్‌లు రెండు ఉండేవి, అంతకుముందొచ్చిన గేమ్ బ్లాస్టర్ కార్డులో ఉన్నవాటిలాంటివే. తర్వాతి మోడల్ 1.5లో వాటిని తీసేసి ఖాళీ సాకెట్లు వదిలేశారు.

జవాబు: సాకెట్లు చూసి తేల్చేయకండి బాబూ. చిప్‌లు ఎవరైనా పీకేయొచ్చు, తర్వాత పెట్టించుకోనూవచ్చు. పైగా 2.0లోనూ అలాంటి సాకెట్లున్నాయి. బోర్డు మీద సీటీతో మొదలయ్యే నంబరు చదవండి.

అడిగినవాణ్ని: పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్దితే సీటీ1350 అని బయటపడింది. చివర అక్షరం చెరిగిపోయింది.

జవాబు: అయితే 2.0, 1991ది. మొదటిది కాదని బెంగ వద్దు. పాతవి 23 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్ రేటు (సెకనుకు 23 వేల ధ్వని నమూనాలు) దగ్గరే ఆగిపోతే, ఇది 44.1 దాకా వాయిస్తుంది. మోనోయే అనుకోండి. తుప్పు పొడి పూర్తిగా దులిపాకే స్లాట్‌లో పెట్టండి.