అమెరికా గుర్రప్పందేలు: కొత్తవారు షో పందెంతో మొదలుపెట్టవచ్చా?

కొత్త టికెట్: మే మొదటి శనివారం కెంటకీ డర్బీ చూడటానికి లూయీవిల్ వెళ్తున్నాను. గుర్రం మొదటి మూడు స్థానాల్లో ఎక్కడ నిలిచినా డబ్బు వస్తుంది కనుక షో పందెంతో మొదలుపెట్టమని ఒక మిత్రుడు, అందులో వచ్చేది చిల్లరే కనుక మొదటి మూడు గుర్రాలను వరుసతో సహా చెప్పే ట్రైఫెక్టా కట్టమని మరొక మిత్రుడు చెబుతున్నారు. ఎవరి మాట వినాలి?

మలక్‌పేట పాతకాపు: నా ఓటు షోకే. అయితే హైదరాబాద్ మలక్‌పేట రేసుకోర్సు అలవాటుతో అక్కడ ‘ప్లేస్’ అడగకండి. మన దగ్గర గుర్రాలు ఎక్కువగా ఉన్న పందెంలో ప్లేస్ టికెట్‌కు మూడో గుర్రం మీద కూడా డబ్బు వస్తుంది. అమెరికాలో ప్లేస్ అంటే మొదటి రెండు స్థానాలే. ఇది తెలియక, మూడోదిగా వచ్చిన గుర్రం మీద ప్లేస్ టికెట్ పట్టుకుని గర్వంగా క్యూలో నిలబడ్డాను. కిటికీలోని గుమాస్తా దాన్ని యంత్రంలో పెట్టి చూసి, నవ్వి, తిరిగి ఇచ్చేశాడు.

లెక్కల మాస్టారు: పాతకాపు గారి హెచ్చరిక సరైనదే కానీ, సలహాతో ఏకీభవించలేను. అక్కడ పందెం కట్టేది బుకీతో కాదు, తోటి ప్రేక్షకులతో: అందరి డబ్బూ ఒక చోట పోగై, ముందుగా నిర్వాహకుల కోత పోయి, మిగిలినది గెలిచినవారికి పంచబడుతుంది. డర్బీ జరిగే చర్చిల్ డౌన్స్‌లో విన్ (గుర్రం మొదటిదిగా వస్తేనే డబ్బు), ప్లేస్, షోలపై ఆ కోతను 2014లో 17.5 శాతానికి, ట్రైఫెక్టా వంటి వాటిపై 22 శాతానికి పెంచారు. షోలో మిగిలిన లాభాన్ని మూడు గుర్రాల మధ్య పంచాలి కనుక, అందరూ ఎగబడే గుర్రం మీద 2 డాలర్ల టికెట్‌కు ఒక్కోసారి 2.20 డాలర్లే చేతికొస్తాయి. అటువంటి టికెట్లు పది కొని తొమ్మిది గెలిచినా వచ్చేది 19.80 డాలర్లు, పెట్టింది 20. పందెం గెలుస్తూనే నష్టపోవడమంటే ఇదే. కొత్తవారు తమకు నచ్చిన ఒక్క గుర్రం మీద 2 డాలర్ల విన్ కట్టడం మేలు.

బాక్స్ బాబు: చిన్న మొత్తంతో పెద్ద మొత్తం రావాలంటే ట్రైఫెక్టా బాక్సే దారి: మనం ఎంచుకున్న గుర్రాల్లో మూడు, మొదటి మూడు స్థానాల్లో ఏ వరుసలో వచ్చినా గెలుపే. 2022 డర్బీలో 80కి 1 ధరతో (డాలర్‌కు 80 డాలర్ల లాభం) రిచ్ స్ట్రైక్ అనే గుర్రం గెలిచిన సంగతి మరిచారా?

లెక్కల మాస్టారు: మరువలేదు. వేరొక గుర్రం తప్పుకుంటే ముందురోజే పందెంలో చోటు దొరికిన గుర్రమది. మొదటి మూడు స్థానాలను వరుసతో సహా చెప్పాలంటే 20 గుర్రాల పందెంలో 6,840 అమరికలు ఉంటాయి. ఐదు గుర్రాలను బాక్స్ చేస్తే 60 అమరికలకు, అంటే డాలర్ చొప్పున 60 డాలర్లకు టికెట్ అవుతుంది. దీన్ని చిన్న మొత్తం అనలేము.

మలక్‌పేట పాతకాపు: మాస్టారు గారూ, ఆ పందెంలోనే మీ లెక్కకు జవాబు ఉంది. రిచ్ స్ట్రైక్‌కు 2 డాలర్ల విన్ మీద 163.60 డాలర్లు, షో మీద 29.40 డాలర్లు వచ్చాయి. రెండో స్థానంలో నిలిచిన ఫేవరెట్ (అందరికంటే ఎక్కువ డబ్బు పడిన గుర్రం) ఎపిసెంటర్‌కు కూడా షో మీద 5.20 డాలర్లు దక్కాయి. ఇరవై గుర్రాల మధ్య డబ్బు చెదిరిపోయినప్పుడు షో చిల్లరగా మిగలదు.

లెక్కల మాస్టారు: డర్బీ వరకు ఒప్పుకుంటున్నాను. అదే రోజు ఉదయం ఆరేడు గుర్రాలతో జరిగే పందేలలో మాత్రం షో కిటికీ వైపు వెళ్లకండి.