కార్డులో హెపటైటిస్ సి నెగెటివ్ వస్తే చాలా? డయాలసిస్ వాళ్లందరికీ పీసీఆర్ చేయాలా?

కవిటి కొబ్బరితోట:
మా నాన్నగారికి వారానికి మూడుసార్లు డయాలసిస్. ఆయన షిఫ్టులోనే ఒకాయనకి పోయిన నెల హెపటైటిస్ సి బయటపడింది. చేరినప్పుడు ఆయనకి లేదు. మిగతా వాళ్లందరికీ కార్డు మీద రక్తం చుక్క వేసి, ఒక్క గీతే వచ్చింది, మీకేం లేదు అని పంపించేశారు. అందరికీ పీసీఆర్ (రక్తంలో వైరస్‌నే వెతికే ల్యాబ్ పరీక్ష) చేయమని మేం అడుగుతున్నాం. అంత ఖర్చెందుకు, పాజిటివ్ వాళ్లకి వేరే మిషన్ పెడతాం అని సెంటర్ వాళ్లు అంటున్నారు. మీరేమంటారు?

పలాస జీడిపప్పు:
సెంటర్ వాళ్ల మాటలో తప్పేముంది తమ్ముడూ? మన ఉద్దానంలో బెడ్ ఖాళీ కోసం ఎదురుచూసేవాళ్లు ఎంతమందో నీకు తెలీదా? ఆ డబ్బుతో ఇంకో మిషన్ వస్తుంది. పాజిటివ్ వాళ్లని విడిగా ఉంచితే గొడవే లేదు.

రాజాం ల్యాబు:
పాజిటివ్ ఎవరో తెలిస్తే కదండీ విడిగా ఉంచేది! కార్డు వెతికేది వైరస్‌ని కాదు, దాని మీద మన ఒంట్లో తయారయ్యే యాంటీబాడీని. వైరస్ సోకాక అది కనబడడానికి మామూలు మనిషికే సుమారు 8 నుంచి 11 వారాలు పడుతుంది. కిడ్నీలు పోయినవాళ్లలో రోగనిరోధక శక్తి తక్కువ కాబట్టి ఇంకా ఆలస్యం కావచ్చు, కొందరిలో అసలు రాకపోవచ్చు. పీసీఆర్ నేరుగా వైరస్‌నే పట్టుకుంటుంది, ఒకటి రెండు వారాల్లోనే. లివర్ ఎంజైములు చూస్తున్నాంలే అంటారు కొందరు. డయాలసిస్ వాళ్లలో అవి మామూలుగానే తక్కువ ఉంటాయి. జబ్బు లోపల ఉన్నా రిపోర్టు నార్మల్‌గా కనిపించవచ్చు.

పలాస జీడిపప్పు:
అయితే ఇక నెలనెలా అందరికీ పీసీఆరేనా? ఎవరిస్తారండీ ఆ డబ్బు?

రాజాం ల్యాబు:
నెలనెలా ఎవరన్నారండీ? కిడ్నీ వైద్యుల అంతర్జాతీయ మార్గదర్శకాలు (కేడీగో) చెప్పేది ఇది: చేరేటప్పుడు ఒకసారి, తర్వాత ఆరు నెలలకోసారి పరీక్ష. మామూలు రోజుల్లో యాంటీబాడీ టెస్టు చేసి, పాజిటివ్ వస్తేనే పీసీఆర్ చేసినా సరిపోతుంది. కానీ సెంటర్లో కొత్త కేసు వస్తే అందరికీ పరీక్ష చేయాలి, ఆ తర్వాత కొన్నాళ్లు తరచుగా చేయాలి. ఈ తమ్ముడు చెప్పేది సరిగ్గా అదే పరిస్థితి. ఇప్పుడు కూడా కార్డుతోనే సరిపెడితే, పోయిన నెల సోకినవాడు నెగెటివ్ మిషన్ మీదే కూర్చుంటాడు. నా లెక్కలో ఇప్పుడు పీసీఆరే చేయాలి.

బొబ్బిలి టెక్నీషియన్:
మిషన్ మిషన్ అని కొట్టుకుంటున్నారు గానీ, సి కి వేరే మిషన్ అక్కర్లేదని కేడీగోలోనే ఉంది. రక్తం తిరిగేది ట్యూబుల్లో, డయలైజర్లో (రక్తాన్ని వడకట్టే ఫిల్టర్), మిషన్ లోపల కాదు. అసలు చూడాల్సింది చేతుల్ని. ఒకరి సూది తీసి, అదే గ్లవ్స్‌తో పక్క బెడ్ అలారం నొక్కడం, ఒకే హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) సీసా ట్రేలో పెట్టుకుని బెడ్ బెడ్‌కీ తిరగడం, షిఫ్టు మారేటప్పుడు కుర్చీ చేతుల మీద బ్లీచింగ్ ద్రావణంతో తుడవకపోవడం... హడావిడిలో జరిగేవి ఇవే. హెపటైటిస్ బి సంగతి వేరు. ఎండిన రక్తంలో కూడా కనీసం ఏడు రోజులు బతుకుతుంది. దానికి వేరే గది, వేరే మిషన్ ఉండాల్సిందే. టీకా కూడా ఉంది కాబట్టి మీ నాన్నగారికి వేయించారో లేదో కనుక్కోండి. డయాలసిస్ వాళ్లకి డోసు ఎక్కువ ఇవ్వాలి. టీకా వేసిన కొత్తలో బి టెస్టు చేయిస్తే ఊరికే పాజిటివ్ చూపించవచ్చు. ఒక నెల ఆగండి.

ఇచ్ఛాపురం కోడలు:
వేరే మిషన్ అనేవాళ్లు మా అత్తగారి సంగతి వినండి. సి కి పన్నెండు వారాలు మాత్రలు వాడారు, తగ్గిపోయింది. పీసీఆర్‌లో వైరస్ లేదని కాగితం కూడా ఉంది. అయినా కార్డు వేసిన ప్రతిసారీ రెండు గీతలే. పాజిటివ్ అని చివరి షిఫ్టుకి తోసేస్తున్నారు. రాత్రి పూట ఆవిడని ఇంటికి తీసుకురావడమే పెద్ద టెన్షన్.

రాజాం ల్యాబు:
జబ్బు తగ్గాక కూడా యాంటీబాడీ ఏళ్ల తరబడి ఉండిపోతుందమ్మా. ఆవిడకి ఇకమీదట కార్డు వేయడమే అనవసరం, పీసీఆర్ ఒక్కటే చూడాలి. ఆ కాగితం ఫైల్లో పైనే పెట్టి, ఇన్‌ఛార్జి డాక్టరుగారికే నేరుగా చూపించండి.

పలాస జీడిపప్పు:
సరే, ఈ ఒక్కసారికి పీసీఆర్ అంటే ఒప్పుకుంటా. ప్రతి ఆరు నెలలకీ అంటే మాత్రం ఒప్పుకోను. మరి డబ్బు మాట ఎవరూ చెప్పలేదు.

రాజాం ల్యాబు:
2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్షలు, సి మాత్రలు ఉచితం. జిల్లా ఆసుపత్రిలో అడగమనండి. తమ్ముడూ, సాంపిల్ మాత్రం హెపారిన్ ఎక్కించకముందే తీయించు. హెపారిన్ కలిస్తే పీసీఆర్ తప్పు చూపించవచ్చు.

కవిటి కొబ్బరితోట:
ఎల్లుండి నాన్నగారి షిఫ్టు ఉందండి. మిగతా ఇళ్లవాళ్ల సంతకాలు కూడా తీసుకుని వెళ్తాం. గ్లవ్స్ మాట కూడా అందులోనే రాస్తున్నాను.