బోర్డు గేటుకి వేలాడుతుండగానే ఇల్లు లేదన్నాను: ఇది జాతి వివక్షేనా?

హెన్నూరు మేడ మీద (చర్చ మొదలుపెట్టినవారు)

మేముండేది బెంగళూరులో, హెన్నూరు దగ్గర, రెండో అంతస్తులో. ఇంటివాళ్ళు ఎప్పుడో చిత్తూరు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఆంటీకి తెలుగు, కన్నడ, తమిళం మూడూ వచ్చు, ఇంగ్లీషు రాదు. అందుకని పోర్షను ఖాళీ అయినప్పుడల్లా "కొంచెం మాట్లాడి పెట్టమ్మా" అని ఫోను నా చేతికిస్తారు. పోయిన నెల కింది పోర్షను ఖాళీ అయింది. గేటుకి టూలెట్ బోర్డు కట్టింది నేనే, పాత చున్నీ అంచు చింపి.

శనివారం మధ్యాహ్నం ఒకబ్బాయి వచ్చాడు. ఆఫ్రికా నుంచి చదువుకోడానికి వచ్చినవాడు. ఏ దేశమో అడగలేదు, అడిగేంత సేపు నేను ఉండనివ్వలేదు. బూట్లు మెట్ల దగ్గరే విప్పి, హెల్మెట్ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఆంటీ పైనుంచి చూసి, వద్దన్నట్టు చెయ్యి ఊపింది. "ఇల్లు ఇచ్చేశాం" అన్నాను. అతను నన్ను చూశాడు. వెనక్కి తిరిగి గేటుకున్న బోర్డు చూశాడు. "థ్యాంక్యూ సిస్టర్" అని మెట్టు మీద కూర్చుని లేసులు కట్టుకున్నాడు. అంతసేపూ నేను అక్కడే నిలబడ్డాను, లోపలికి పోలేక. బోర్డు ఇంకో పదహారు రోజులు అలాగే ఉంది.

నేను దూరవిద్యలో ఎంఏ సోషియాలజీ చేస్తున్నాను. ఆ వారమే జాతి మీద పాఠం చదవాల్సి వచ్చింది. ఫిలొమెనా ఎస్సెడ్ అనే పరిశోధకురాలు, నెదర్లాండ్స్‌లో 1984లో అచ్చయిన పుస్తకం కోసం, అక్కడుండే సూరినామ్ (పాత డచ్ వలస దేశం) మూలాలున్న ఆడవాళ్ళనీ అమెరికాలోని నల్లజాతి ఆడవాళ్ళనీ కూర్చోబెట్టి వాళ్ళ రోజువారీ సంగతులు అడిగింది. కొట్టడం, తిట్టడం గురించి మాత్రమే అడగలేదు. కొట్లో ఎవరు వెంట తిరిగారు, బస్సులో పక్కన ఎవరు కూర్చోలేదు, ఆఫీసులో ఎవరి మాట వినబడనట్టు వదిలేశారు, ఇలాంటివి. ఒక్కోటి విడిగా చూస్తే ఏమీ లేదనిపిస్తుంది. అవన్నీ ఒకే మనిషి మీద, రోజూ, వేరువేరు చేతుల మీదుగా పడుతుంటే అదే దైనందిన జాతి వివక్ష అంటుంది ఆమె.

అది చదివాక నాకు నిద్ర పట్టలేదు. మా ఆంటీ చెడ్డమనిషి కాదు. కోవిడ్‌లో మా ఆయన జీతం ఆగిపోతే మూడు నెలలు అద్దె మాట ఎత్తలేదు. నాకూ ఆ అబ్బాయి మీద ద్వేషం లేదు. మనసులో ద్వేషం లేదు కాబట్టి వివక్ష లేదనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. అతని వైపు నుంచి చూస్తే మాది ఆ రోజు ఎన్నో గేటో.

మీరేమంటారు? దీన్ని జాతి వివక్ష అనొచ్చా? లేక అమెరికా, యూరప్‌ల పాఠం తెచ్చి మన గుమ్మానికి తగిలిస్తున్నానా?

మారతహళ్ళి పీజీ

చెల్లెమ్మా, మీ బాధ అర్థమైంది. మాట మాత్రం చాలా పెద్దది వాడారు. నాది నలభై రెండు బెడ్ల పీజీ, బిల్డింగు లీజుకి తీసుకున్నది. విదేశీయుడికి గది ఇస్తే 24 గంటల్లో ఫారం-సి అని పిలిచే కాగితం పెట్టాలి, ఫలానా అతను నా దగ్గర దిగాడని అధికారులకి చెప్పేది. పెట్టకపోతే కేసు నా మీద. పక్కింటాయన ఓనరుకి ఫోన్ చేస్తాడు, ఓనరు నాకు చేస్తాడు. లీజు పోతే నా పిల్లల ఫీజులు ఎవరు కడతారు? ఇది భయం. భయానికీ వివక్షకీ తేడా లేదా?

ఇంకోటి. మనమేమన్నా తెల్లోళ్ళమా? ఎండలో నిలబడితే నాకూ ఆ అబ్బాయికీ రంగులో పెద్ద తేడా ఉండదు. మనల్ని ఏలినోళ్ళు చేసింది జాత్యహంకారం. నేను చేసేది జాగ్రత్త.

హెన్నూరు మేడ మీద

అన్నా, ఫారం-సి జర్మనీ అతనికైనా అదే, నైజీరియా అతనికైనా అదే. మా వీధిలో ఒక ఫ్రెంచి జంట ఉంది. వాళ్ళకి ఇళ్ళు చూపించడానికి బ్రోకరే కారు తెచ్చాడు. మణిపూర్ అమ్మాయికి ఏ ఫారమూ అక్కర్లేదు, మనలాగే ఆధార్ ఉంటుంది. ఆమెకి ఇల్లెందుకు దొరకదు? కాగితం ఒకటే అయినప్పుడు భయం మొహాన్ని బట్టి ఎందుకు మారుతోంది?

సోషియాలజీలో నాకు నచ్చింది ఇదే. వాళ్ళు మనసుని అడగరు, ఒకటి మార్చి తక్కినవన్నీ అలాగే ఉంచి చూస్తారు. డెవా పేజర్ అనే సోషియాలజిస్టు అమెరికాలోని మిల్వాకీలో ఉద్యోగాల కోసం కుర్రాళ్ళని పంపింది, ఒకే రకం చదువు, ఒకే రకం మాటతీరు. 2003లో అచ్చయింది. జైలుకెళ్ళొచ్చానని చెప్పిన తెల్ల కుర్రాళ్ళకి నూటికి 17 పిలుపులు వస్తే, ఏ కేసూ లేని నల్ల కుర్రాళ్ళకి వచ్చినవి 14. ఆ యజమానుల్ని విడిగా అడిగితే అందరూ జాగ్రత్త అనే చెప్పి ఉంటారు.

మూడు తరాల బెంగళూరు

భయం గురించి ఒక మాట. 2012 ఆగస్టులో ఈశాన్యం వాళ్ళు ఈ ఊరు వదిలి పోయిన రోజులు గుర్తున్నాయా? ఫోన్లలో పుకార్లు, బెదిరింపు సందేశాలు తిరిగాయి. వేలమంది సిటీ స్టేషన్‌కి చేరారు, గౌహతికి ప్రత్యేక రైళ్ళు వేశారు. మా నాన్న అప్పుడు రైల్వేలో చేసేవారు. ఒకమ్మాయి ఇంకా వేడిగా ఉన్న రైస్ కుక్కర్ తువ్వాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చుందని ఇంటికొచ్చి చెప్పారు. అన్నం ఉడుకుతుండగా లేచి వచ్చేసిందన్న మాట.

ఏళ్ళ తరబడి ఇక్కడ పనిచేసినవాళ్ళు ఒక్క మెసేజ్‌కి ఎందుకు నమ్మేశారు? అంతకుముందు రోజూ వీధిలో వినే "చింకీ", "నేపాలీ" అనే మాటలే వాళ్ళని నమ్మేలా చేశాయని నా నమ్మకం.

2016 జనవరి 31 కూడా మర్చిపోవద్దు. హెసరఘట్ట వైపు ఒక సూడాన్ విద్యార్థి కారు గుద్ది ఒకామె చనిపోయింది. కాసేపటికి అటుగా వచ్చిన టాంజానియా విద్యార్థిని మీద గుంపు పడింది, ఆమె వచ్చిన కారు తగలబెట్టారు. ఆ ప్రమాదానికీ ఆమెకీ ఏ సంబంధమూ లేదు, ఒంటి రంగు తప్ప. జాగ్రత్త, భయం అనే మాటలు ఆ రాత్రికి సరిపోవు.

హిందూపురం మాష్టారు

ముప్ఫై ఏళ్ళు డిగ్రీ పిల్లలకి సోషియాలజీ చెప్పాను, ఇప్పుడు మా అబ్బాయి దగ్గర యలహంకలో ఉంటున్నాను. అమ్మాయి నిజాయితీగా రాసింది. జరిగింది తప్పు, ఆ అబ్బాయి పట్ల జాతి వివక్ష అనడానికి నాకూ అభ్యంతరం లేదు. నా భయం వేరే చోట ఉంది.

తెలుగులో "జాతి" అనే మాట ఎన్ని బరువులు మోస్తోందో చూడండి. జాతీయ గీతంలోని జాతి దేశం. జాతి ఆవు అంటే మేలిరకం. రత్నాల్లో జాతి రాయి అంటాం. తిట్టేటప్పుడు "నీ జాతే అంత" అంటే అక్కడ కులం. ఇంగ్లీషు "రేస్"ని కూడా తెచ్చి ఇదే గూట్లో పెట్టాం. వర్ణం సంగతీ అంతే: దక్షిణాఫ్రికాలో జరిగింది వర్ణవివక్ష అని పత్రికలు రాశాయి, మనకేమో వర్ణం అనగానే చాతుర్వర్ణం గుర్తొస్తుంది. పిల్లవాడు ఈ పాఠం తెలుగులో చదివితే ఏది ఏదో విడదీసుకునేసరికి సంవత్సరం అయిపోతుంది.

ఈ కలగాపులగం మాటలతో ఆగలేదు. 1901 జనాభా లెక్కల కమిషనర్ హెర్బర్ట్ రిస్లే మనవాళ్ళ ముక్కులు కొలిపించాడు. వెడల్పుని పొడవుతో భాగించి, ముక్కు సన్నబడే కొద్దీ కులం పైకి వెళుతుందన్నాడు. కులానికి మూలం జాతి అన్నది అతని వాదం. 1932లో మన సోషియాలజిస్టు ఘుర్యే ఆ కొలతల్నే తిరిగి చూసి, ఉత్తరాదిలో ఒక ప్రాంతం తప్ప ఆ లెక్క నిలవదని చూపించాడు. 1936లో అంబేడ్కర్ ఇంకా సూటిగా అడిగారు: పంజాబు బ్రాహ్మణుడికీ పంజాబు అంటరానివాడికీ జాతిలో తేడా ఏముంది, మద్రాసులో మాత్రం ఏముంది అని. అంత కష్టపడి విడదీసిన ముడిని మనం మళ్ళీ వేయకూడదు. 2001లో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో జాతి వివక్ష మీద ఐక్యరాజ్యసమితి పెట్టిన సదస్సు ముందు, కులాన్ని కూడా దాని కింద చేర్చాలన్నప్పుడు సోషియాలజిస్టు ఆంద్రే బెతే గట్టిగా కాదన్నది అందుకే. నేను ఆయన పక్షమే.

అమెరికా పుస్తకం మన పిల్లలకి ఇచ్చే అద్దంలో కులం కనబడదు. ఆఫ్రికా అబ్బాయి కోసం కన్నీళ్ళు పెట్టుకున్న పిల్ల, ఇంట్లో పనిమనిషికి వేరే గ్లాసు పెట్టడం చూసి కూడా చూడనట్టే ఉంటుంది. తరగతిలో ఇది నేను చూశాను.

ఇంటిపేరు చెప్పని వాడు

మాష్టారూ, మీ చివరి మాటకి దణ్ణం. మొదటి మాటతో పేచీ ఉంది.

నాకు ఈ ఊళ్ళో ఇల్లు దొరకడానికి అయిదు నెలలు పట్టింది. నా రంగు ఓనర్ల రంగే, నా భాష వాళ్ళ భాషే. ఆఫీసు ఐడీ కార్డు చూపిస్తే సంతోషం. తరవాత టీ ఇస్తూ "మీరేమిట్లండీ?" అంటారు. కొందరు అలా అడగడం బాగోదని "ఇంటిపేరేంటి బాబూ", "ఊళ్ళో మీ ఇల్లు ఎటువైపు" అని చుట్టు తిరిగి వస్తారు. చెప్పాక టీ గ్లాసు ఖాళీ అయ్యేలోపు పోర్షను వాళ్ళ మరిదికి కావాల్సి వస్తుంది. హెన్నూరు మేడం చెప్పిన గేటు నాకు బాగా తెలుసు. నేను బూట్లు విప్పి లోపల కూర్చున్నాక చెబుతారు, అంతే తేడా.

డర్బన్ గురించి మీరు సగమే చెప్పారు. దళిత సంఘాలు అక్కడికి వెళ్ళింది రిస్లే ముక్కు సిద్ధాంతం నమ్మి కాదు. జాతి వివక్ష మీద 1965 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందంలో రంగు, జాతి పక్కనే "పుట్టుక పరంపర" అనే మాట కూడా ఉంది. దాని మీద మన ప్రభుత్వం సంతకం ఉంది. ఆ మాటలోకి కులం వస్తుందని 2002లో ఆ ఒప్పందం కమిటీయే చెప్పింది. కులం, జాతి ఒకటని ఎవరూ అనడం లేదు. గేటు దగ్గర జరిగే పని ఒకటే అంటున్నాం.

మేడం చెప్పిన ఒకటి మార్చి చూసే పద్ధతి మన దగ్గరా చేశారు. సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ అనే పరిశోధకులు పత్రికల్లో వచ్చిన ప్రైవేటు ఉద్యోగాల ప్రకటనలకి ఒకే అర్హతలతో, పేర్లు మాత్రం మార్చి దరఖాస్తులు పంపారు. 2007లో అచ్చయింది. పైకులం పేరుకి వచ్చినంతగా దళిత పేరుకి పిలుపులు రాలేదు, ముస్లిం పేరుకి ఇంకా తక్కువ. మిల్వాకీలో పుట్టిన పద్ధతి మా బాధకి సాక్ష్యం ఇచ్చిందంటే, పద్ధతి ఎక్కడిదైనా నాకు కావాలి. మా సాక్ష్యం మేము నోటితో చెబితే ఎవరూ నమ్మలేదు కదా.

రెండో క్లాసు పాప అమ్మ

పెద్ద విషయాలు తెలియవు, చిన్నది ఒకటి చెబుతాను. మా పాప నా బొమ్మ గీసి "అమ్మా, స్కిన్ కలర్ ఇవ్వు" అంది. ఇచ్చాను, లేత గులాబీ క్రేయాన్. మొహానికి రుద్దింది. దాన్ని నా చేతి పక్కన పెట్టి చూశాను, ఎక్కడా పోలిక లేదు. ఈ రంగుకి ఆ పేరు ఎవరు చెప్పారే అంటే "అందరూ అంటారు" అంది. పెట్టె మీద చూస్తే ఆ పేరు లేదు.

హిందూపురం మాష్టారు

అమ్మా, అది చిన్నది కాదు. 1940ల్లో అమెరికాలో కెన్నెత్, మేమీ క్లార్క్ దంపతులు నల్లజాతి పిల్లల ముందు తెల్లబొమ్మ, నల్లబొమ్మ పెట్టి ఏది మంచి బొమ్మ అని అడిగితే ఎక్కువమంది తెల్లబొమ్మ చూపించారు. బడుల్లో జాతుల వేర్పాటు చెల్లదని 1954లో అక్కడి సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో ఆ పని ప్రస్తావన ఉంది. మనది ఒంటి ఛాయల పట్టింపు, జాతితో పూర్తిగా కలవదు. కానీ ఆ క్రేయాన్ పేరు మీ పాపకి ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు చూశారా, అది పాఠంలో చెప్పాల్సిందే.

ఇంటిపేరు చెప్పని బాబూ, "పుట్టుక పరంపర" సంగతి నేను వదిలేసింది నిజం. బెతే వాదం వైపే ఉంటాను, అయినా డర్బన్ గురించి చెప్పేటప్పుడు ఆ మాట కూడా చెప్పి ఉండాల్సింది.

మారతహళ్ళి పీజీ

అందరివీ చదివాను. వివక్ష అనే మాట నా మీద పడితే ఇప్పటికీ ఒప్పుకోలేను, నా లెక్కలు నాకున్నాయి. అయితే ఫారం-సి ఆన్‌లైన్‌లో నింపడం ఎవరికైనా వస్తే చెప్పండి. ఆ పని రాదు కాబట్టే విదేశీ పిల్లల్ని వద్దంటున్నానని ఇన్నాళ్ళూ అనుకున్నాను. వస్తే ఇస్తానో లేదో చూసుకుంటాను.

హెన్నూరు మేడ మీద

నేను నేర్చుకుని వస్తానన్నా, ఆదివారం. ఆంటీతో కూడా మాట్లాడాను. "నువ్వు చెప్పింది నిజమే, కానీ వీధిలో ఏమంటారో" అంది. కింది పోర్షనులో ఇప్పుడు నెల్లూరు వాళ్ళున్నారు. ఆ అబ్బాయి ఎక్కడ దిగాడో తెలియదు.

ఇంటిపేరు చెప్పని వాడు

పీజీ అన్నా, ఫారం-సి సరే. మీ పీజీలో చేరేటప్పుడు పిల్లలతో నింపించే కాగితం ఉంటుంది కదా. అందులో ఏమేం అడుగుతున్నారో ఒకసారి చూడండి.

మారతహళ్ళి పీజీ

ఇప్పుడే చూశాను. పేరు, తండ్రి పేరు, సొంతూరు, ఆఫీసు, బ్లడ్ గ్రూపు. బ్లడ్ గ్రూపు పక్కన "మతం / కులం" అని ఒక గడి ఉంది. స్టేషనరీ షాపులో దొరికే పుస్తకం ఇది, నేను అచ్చు వేయించింది కాదు. ఆరేళ్ళుగా అందరితో నింపిస్తున్నాను. ఎందుకని ఒక్కరూ అడగలేదు, నేనూ అడుక్కోలేదు.