మొదటి కంప్యూటర్ ఏది? కోర్టు తీర్పుతో తేలిపోయినట్టేనా?

కృష్ణాతీరం:
మొదటి ఎలక్ట్రానిక్ కంప్యూటర్ అనగానే అందరూ ఎనియాక్ పేరే చెబుతారు. కానీ 1973 అక్టోబర్ 19న అమెరికాలో జడ్జి ఎర్ల్ లార్సన్ దాని పేటెంట్ కొట్టేశారు. ఎనియాక్ కట్టిన జాన్ మాక్లీ 1941లో అయోవా రాష్ట్రం వెళ్లి, అక్కడి ప్రొఫెసర్ అటానసాఫ్ కట్టిన యంత్రాన్ని చూసి వచ్చారని, మూలం అక్కడే ఉందని తీర్పు. ఇంకా వాదన ఎందుకండీ? పాఠ్యపుస్తకాలు మార్చాలి.

వాల్వు రేడియో:
తీర్పు తేల్చింది పేటెంట్ సంగతి, చరిత్ర కాదు. అటానసాఫ్, ఆయన విద్యార్థి క్లిఫర్డ్ బెర్రీ చేసిన పని మాత్రం తక్కువది కాదు. వాళ్ల యంత్రంలో అంకెలు దాచే డ్రమ్ము సంగతే తీసుకోండి. దాని నిండా కెపాసిటర్లు, అంటే విద్యుత్ ఛార్జిని దాచే చిన్న భాగాలు; సెకనుకో చుట్టు తిరుగుతుంది. కెపాసిటర్లో ఛార్జి నిలవదు కదా, అందుకని ప్రతి చుట్టులోనూ విలువ చదివి మళ్లీ నింపేవారు. ఈరోజు మన ఫోన్ ర్యామ్‌లో జరిగేదీ ఇదే!

కానీ ఆ యంత్రానికి వచ్చిన పని ఒక్కటే, సరళ సమీకరణాలు సాధించడం. మధ్యలో వచ్చే అంకెల్ని కార్డుల మీద నిప్పురవ్వలతో కాల్చి గుర్తు పెట్టేవారు. అక్కడ అప్పుడప్పుడు తప్పు దొర్లేది, దాంతో పెద్ద లెక్కలు గట్టెక్కలేదు. 1942లో అటానసాఫ్ యుద్ధం పనికి వెళ్లిపోయాక యంత్రం మూలపడింది.

ఎనియాక్‌లో దాదాపు 18,000 వాల్వులు (పాత రేడియోల్లో ఉండే గాజు గొట్టాల్లాంటివి), సెకనుకు 5,000 కూడికలు. వైర్లు, స్విచ్‌లు మార్చితే వేరే లెక్క చేస్తుంది. అలా మార్చి దానితో లెక్క చేయించింది కే మెక్‌నల్టీ, బెట్టీ జెన్నింగ్స్‌తో కలిపి ఆరుగురు అమ్మాయిలు. దశాబ్దాలపాటు వాళ్లకు గుర్తింపే దక్కలేదు. పుస్తకాలు మార్చాలంటే ముందు ఆ పేర్లు ఎక్కించాలి.

బీజగణితం:
మీరిద్దరూ అమెరికా దాటి రావడం లేదు. బ్రిటన్‌లో పోస్టాఫీసు ఇంజనీరు టామీ ఫ్లవర్స్ కట్టిన కొలోసస్ 1944 ఫిబ్రవరికే రహస్య సంకేతాలు ఛేదించే కేంద్రం బ్లెచ్లీ పార్కులో జర్మన్ సంకేతాల మీద పనిచేస్తోంది. యుద్ధం అయ్యాక కాగితాలన్నీ తగలబెట్టమని ఆయనకు ఆర్డరు వచ్చింది, తగలబెట్టారు. లార్సన్ తీర్పు రాసేనాటికి కూడా ఆ సంగతి లోకానికి సరిగ్గా తెలియదు. అలాంటి తీర్పును ఆఖరి మాట అని ఎలా ఒప్పుకుంటాం? బెర్లిన్‌లో కొన్రాడ్ జ్యూస్ కట్టిన జెడ్3 యంత్రం అయితే 1941 మే నాటిదే. వాల్వులు కాదు, రిలేలు, అంటే కరెంటుతో కదిలే స్విచ్‌లు. అయినా ప్రోగ్రామ్‌తోనే నడిచింది.

కృష్ణాతీరం:
అయితే అటానసాఫ్‌కు ఏమీ మిగలనట్టేనా? మాక్లీ చూసొచ్చిన మాట అబద్ధం కాదుగా.

వాల్వు రేడియో:
కాదు. మీ యంత్రంలోని కొన్ని అంశాలతో నేనొకటి కట్టుకోవచ్చా అని ఆ ఏడాది సెప్టెంబర్‌లో మాక్లీ ఉత్తరం కూడా రాశారు. ఆ రుణం ఆయన నిండు మనసుతో ఒప్పుకోవాల్సింది. అయినా నా ఓటు ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ యూనివర్సిటీలో కట్టిన 'బేబీ' యంత్రానికే. ప్రోగ్రామ్‌ను ఎలక్ట్రానిక్ మెమరీలోనే దాచుకుని నడిచిన మొదటి యంత్రం అది. 1948 జూన్ 21న టామ్ కిల్‌బర్న్ రాసిన 17 ఆదేశాలు 52 నిమిషాలు నడిచి, 2,62,144ను నిశ్శేషంగా భాగించే సంఖ్యల్లో దానికంటే చిన్నవాటిలో పెద్దది పట్టుకున్నాయి: 1,31,072. మనం ఇప్పుడు ఈ మాటలు టైపు చేస్తున్న యంత్రాలూ ఆ పద్ధతివే.